పాదరక్షలకు రక్ష

మహాభారతము ఆనుశాసనికపర్వమున ధర్మరాజు భీష్మపితామహు నొక విచిత్రమైన ప్రశ్న యడుగును. శ్రాద్ధాది పుణ్యకర్మలయందు గొడుగును, చెప్పులును దానమిచ్చు నాచారము నెవరు ప్రవర్తింపజేసిరి? అందులకు భీష్ముడు జమదగ్ని కథను చెప్పెను. జ్యేష్ఠమాసమున మిట్టమధ్యాహ్నపు వేళ జమదగ్ని వినోదమునకై బాణములు విడుచుచుండగా రేణుకాదేవి వానిని ఏరి తెచ్చి యిచ్చుచుండెను. ఎండకు తలయు, అరికాళ్ళును మాడిపోగా ఆమె యొక చెట్టునీడను క్షణకాలము నిలిచి ఆలస్యముగా వచ్చెను. మహర్షి కినుక వహించి సూర్యునిపైననే బాణ మెక్కుపెట్టెను. సూర్యుడు బ్రాహ్మణరూపమున దిగివచ్చి, వేడుకొని, తుదకు తలకు గొడుగును, కాళ్ళకు తోలుచెప్పులను సమర్పించి బ్రతికిపోయెను.

జ్యేష్ఠమాసపు ఢిల్లీ నెఱిగినవారికి ఈ కథలో అతిశయోక్తి యేమియు కానరాదు. అయితే ధర్మరాజు అడుగక విడిచిన ప్రశ్న యొకటి కలదు. ఆ చెప్పులను మఱునాటికి తుడిచి, నూనె రాచి, ఉంగటము తెగినచో బాగుచేసి యిచ్చినవారెవరు? మన వాఙ్మయమున పాదుకల మహిమకు కొదువ లేదు. భరతుడు పాదుకలకు పట్టము గట్టెను. అలిపిరిలో పాదాలమండపము నొద్ద భక్తులు నేటికిని పాదుకలను శిరస్సున ధరించి ప్రదక్షిణము చేయుదురు. పాదుకలను పోషించిన చేతుల చరిత్ర మాత్రము గ్రంథములలో అరుదు. లభించినంతలో దానిని కూర్చి, వేర్వేరు వస్తువులతోనైన పాదరక్షలను వేర్వేరు విధముల నేల పోషింపవలసివచ్చెనో తెలుపుట యీ వ్యాసమునందలి ఉద్దేశము.

తెలుగునాట చెప్పు చరిత్ర తంగేడుపొద యొద్ద మొదలగును. బతుకమ్మలో పేర్చు పసుపుపచ్చని పూవు నందఱును ఎఱుగుదురు. నేడది తెలంగాణ రాష్ట్రపుష్పము. ఆ పొద బెరడులో నూటికి సుమారు 18 పాళ్ళు కషాయద్రవ్య ముండునని మన పల్లెలలోని తోలుపనివారు రసాయనశాస్త్రము పుట్టకమునుపే చేతితో ఎఱిగిరి. పచ్చితోలును సున్నపునీట నానవైచి, వెండ్రుకలను గీకి, కండను చెక్కి, కడిగి, తంగేడుచెక్క కషాయమున ఊరవైచెడివారు. ఈ యూరవైచు తొట్టికే లంద యని పేరు. మఱియొక పద్ధతియు కలదు. తోలును సంచివలె కుట్టి, లోపల దంచిన చెక్కను, కషాయమును నింపి, చెట్టుకొమ్మకో, వాసమునకో వ్రేలగట్టుదురు. కషాయము తోలుగుండ మెల్లగా స్రవించి క్రింది కుండలో పడును. దానిని మరల పైన పోయుదురు. ఈ పని ముగియుటకు వారములు పట్టెడిది. పచ్చితోలు కుళ్ళును, ఎండిన కఱ్ఱవలె బిగియును. పదునెక్కిన తోలు కుళ్ళదు, వంగును. ఈ మార్పును సాధించినవారిని ఊరివెలుపల నుంచి, ఆ తోలును ఊరిలోనికి తెచ్చుకొంటిమి.

చివరి కడుగు కరక్కాయది. తంగేడుతో పదునైన తోలు వెలుతురు తగిలినకొలది ఎఱ్ఱబారును. తుదకు కరక్కాయనీట నుంచినచో ఆ యెఱుపు అణగి, లేత గోధుమవన్నె నిలుచును. ఇది కేవలము అందమునకు సంబంధించిన విషయము కాదు. పందొమ్మిదవ శతాబ్దమున మదరాసు రాజధానినుండి ఇంగ్లండునకు తంగేడుతోలు ఓడలకొలది పోయెను. అక్కడ పుస్తకములకు వేసిన తోలుబైండులు కొన్ని యేండ్లకే పొడిపొడియై రాలుచుండుట చూచి, లండనులోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ విచారణ జరిపించి 1901లో నివేదికను ప్రకటించెను. గ్యాసుదీపముల పొగలోని గంధకామ్లము తోలును తినివేయుచున్నదనియు, తంగేడు వర్గపు కషాయములతోనైన తోళ్ళు దానికి త్వరగా లొంగుననియు, సుమాకు వర్గపువి తట్టుకొననియు తేలెను. మన కరక్కాయ సుమాకు వర్గమునకే చెందినది. తరతరములుగా తుది కడుగు కరక్కాయతో నిచ్చిన పనివాని బుద్ధి యెట్టిదో దీనినిబట్టి యూహింపవచ్చును.

పల్లెచెప్పుకు పోషణ యనగా ఆముదమే. కిఱ్ఱుచెప్పులు కొన్న రైతు వానిని ఆముదమున తడిపి, రాత్రియంతయు నుంచి, మఱునాడు తొడిగెడివాడు. నూనెలలో కొన్ని గాలికి ఆరి గట్టిపడును. అవిసెనూనె అట్టిది, అందుచేతనే అది రంగులకు పనికివచ్చును. ఆముద మారదు. తోలుపోగుల నడుమ చేరి అవి యొండొంటితో రాపిడి పడకుండ చేయును. బండి ఇరుసునకు ఆముద మేల పోయుదురో చెప్పునకును అందులకే. ఉత్తరదేశమున ఆ స్థానము ఆవనూనెది. క్రొత్త జూతీ కఱచినచో దానికి ఆవనూనె రాయవలెనని మన ఢిల్లీ యిరుగుపొరుగువారు నేటికిని చెప్పుదురు. జూతీల విషయమున మఱియొక విశేషము కలదు. పాతపద్ధతి జూతీకి కుడియెడమల భేదము లేదు. ఒకనాడు కుడికాలికి వేసినదానిని మఱునాడు ఎడమకాలికి మార్చినచో మడమ సమముగా నరుగును. ఐరోపాలోను పందొమ్మిదవ శతాబ్దపు తొలిభాగము వఱకు చాల బూట్లు ఇట్లే యుండెడివి.

చెప్పు కుట్టినవానికి వెల రొక్కముగా ముట్టుట అరుదు. కళ్ళములో ధాన్యము కొలుచునాడు అతనికి కొన్ని మేరలు దక్కెడివి. అందులకు బదులుగా అతడు ఇంటిల్లిపాదికి చెప్పులే గాక, ఎద్దుల మెడపట్టెడలు, చర్నాకోలలు, అన్నిటికిని మించి కపిలమోటకు తోలుతొండము సిద్ధపఱుపవలెను. తొండము చినిగినచో పైరెండును గనుక ఆ రేయింబవళ్ళు అతనికి నిద్ర యుండెడిది కాదు. ఆయిల్ ఇంజనులు, తరువాత విద్యుత్ పంపులు వచ్చి మోటను తొలగించినపుడు పల్లెలోని తోలుపనికి మూలస్తంభ మొకటి కూలినది. చెప్పులవలన మాత్రమే పనివాడు బ్రతుకలేకపోయెను. నైజాము రాజ్యములోని తెలంగాణమున మేరలకును దిక్కులేదు. దొరగారి గడీకి చెప్పులు, తోలుసామానులు వెట్టిగా నియ్యవలసినదే. ఆ వెట్టిని తుడిచిపెట్టుట 1946 మొదలు 1951 వఱకు సాగిన రైతాంగపోరాటపు ముఖ్యాశయములలో నొకటి.

ఇందుకంటెను కఠినమైన ముచ్చట యొకటి యున్నది. కుట్టినవాడు తాను కుట్టిన చెప్పు తొడిగి ఊరి నడివీథిని నడువరాదు. పెద్దల యిండ్ల యెదుట వానిని చేతబట్టుకొని పోవలెను. జాషువ మహాకవి 1941లో వెలువరించిన గబ్బిలమున కథానాయకుడు ఈ వర్గమువాడే. ఇతరుల పాదములు కందకుండ చెప్పులు కుట్టి బ్రతికెడి యీతనికి దేశమంతయు ఋణపడియున్నదని కవి స్పష్టముగా లెక్క తేల్చెను. అంతకు ఎనిమిది శతాబ్దములకు మునుపు బసవేశ్వరుని కల్యాణనగరమున హరళయ్య యను శరణుడు, ఆయన భార్య కల్యాణమ్మయు తమ తొడల చర్మముతో చెప్పులు కుట్టి బసవనికి సమర్పించిరని, బసవడు వానిని తొడుగుటకు తన కర్హత లేదని తలపై నిడుకొనెనని వీరశైవుల యైతిహ్యము. స్వాతంత్ర్యానంతరము 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చినది; 1976లో అది పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చుకొన్నది. 1989లో అత్యాచారనిరోధక చట్టము వచ్చినది. చట్టములు మూడు తరములుగా నున్నను, చెప్పులు విప్పించిన వార్తలు పత్రికలలో ఇప్పటికిని అప్పుడప్పుడు కనబడుచునే యున్నవి.

ప్రభుత్వోద్యోగులమైన మనకు చెప్పులు విప్పుట గూర్చిన మఱియొక చరిత్ర తెలియవలసియున్నది. కంపెనీదొరల సముఖమునకు పోవు భారతీయుడు చెప్పులు విడిచి పోవలెనను నియమ ముండెడిది. బంగాళదేశపు యువకులు తెల్లదొరల బూట్లు, మేజోళ్ళు ధరించుట యెక్కువ కాగా 1854లో గవర్నరు జనరలు ఒక తీర్మానము చేసెను. ఐరోపాపద్ధతి బూట్లు తొడిగినవారు వానితోనే రావచ్చును. దేశీయపు జోళ్ళు తొడిగినవారు మాత్రము విప్పియే రావలెను! ఇదే ప్రభుత్వము బర్మారాజు కొలువున తమ రాయబారులు బూట్లు విప్పవలసివచ్చుట అవమానమని 1875 తరువాత దర్శనమే మానుకొనెను. కార్యాలయమునకు నల్లబూటు పోవలెనను మన యలవాటునకు మూలము సౌకర్యముకంటె ఈ తీర్మానమునందే యెక్కువగా నున్నదని నా యభిప్రాయము. ఢిల్లీ మే నెలలో మేజోళ్ళతో బూటు తొడుగువానికి ఈ విషయమున వేఱు సాక్ష్యము అక్కఱలేదు.

బూటుతోపాటు నిగనిగయు వచ్చినది. పల్లెచెప్పునకు నిగ్గు పెట్టవలెనను తలంపు మనవారికి లేదు. ఆ తోలు దళసరి, సచ్ఛిద్రము. నూనె త్రాగి నల్లబడును గాని మెఱయదు. ఇంగ్లండులో బూటునకు పూయు మసిని ఎముకబొగ్గు, బెల్లపుమడ్డి, పుల్లనికాడి, నూనె కలిపి చేసెడివారు. చార్లెస్ డికెన్స్ పండ్రెండేండ్ల ప్రాయమున 1824లో లండనులోని ఇట్టి మసికర్మాగారమున సీసాలకు చీటీలంటించెను. ఆ నెలల మనోవ్యథ ఆయన నవలలలో జీవితాంతము కనబడుచునే యున్నది. మసి స్థానమున మైనపు పాలిషు వచ్చుటకు మఱి ఎనుబది యేండ్లు పట్టెను. 1906లో మెల్బోర్నున విలియం రామ్సే కివీ పాలిషును విపణికి దెచ్చెను. భార్య న్యూజిలాండు పడతి యగుటచే ఆ పక్షి పేరు పెట్టెనందురు. చెఱ్రీ బ్లాసమ్ ఇంగ్లండున పుట్టినదియు ఆ కాలముననే. రెండు ప్రపంచయుద్ధములలో సిపాయిల సంచులతో ఈ చిన్న రేకుడబ్బాలు ఖండఖండాంతరములకు ప్రాకినవి.

ఆ డబ్బాలోని సరకు మైనములు, టర్పెంటైను, రంగు. మైనము తోలులోనికి పోదు, పైన పొరగా నిలుచును. పల్లెతోలున కట్టి పొర యక్కఱలేదు. క్రొత్తరకపు తోలునకు కావలసివచ్చెను. దానికి కారణము క్రోము. 1884లో అమెరికాలో అగస్టస్ షుల్జ్, 1893లో మార్టిన్ డెనిస్ క్రోము లవణములతో తోలును పదునుచేయు పద్ధతులకు హక్కులు పొందిరి. చెక్క కషాయముతో వారములు పట్టు పని గంటలలో ముగియసాగెను. 1903లో మదరాసు ఆర్ట్స్ స్కూలున ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ ఈ పద్ధతిని మన దేశమున ప్రయోగించెను. ఏ తోలు ఏదియో తెలియుటకు ఒక చిన్న పరీక్ష కలదు. చిన్నముక్కను మరుగునీట వేసినచో చెక్కతోలు ముడుచుకొని పోవును, క్రోముతోలు నిలుచును. తడిసిన చెప్పులను పొయ్యిదగ్గఱ, హీటరు ముందర ఆరబెట్టరాదని పెద్దలు చెప్పుటకు కారణ మిదియే. తడిసిన చెక్కతోలు మరుగునకు చాల మునుపే ముడుచుకొనును, ముడుచుకొన్నదానిని ఏ నూనెయు సాగదీయజాలదు. లోపల పాతకాగితములు కుక్కి నీడను ఆరనిచ్చి, ఇంకను కొంచెము చెమ్మ యుండగనే పలుచగా నూనె రాయవలెను. క్రోముతోలు బూటునకు ఆముదము పట్టించినచో మాత్రము మైన మంటక, మెఱుగు రాక, తోలు వదులై పాడగును. రెంటికిని ఒకే వైద్యము చేయువాడు రెంటిని చెఱచును.

ఈ తోలును శాస్త్రముగా జేసినవారిలో అగ్రగణ్యుడు మన తెలుగువాడు. పైగా వసంత్ కుంజ్ వాసులకు ఒకప్పటి పొరుగువాడు. యలవర్తి నాయుడమ్మగారు 1922లో తెనాలి సమీపమున యలవఱ్ఱున రైతుకుటుంబమున జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున పారిశ్రామిక రసాయనము చదివి, మదరాసున తోలుపని నేర్చి, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందిరి. ఆనాడు తోలుచదువు నెన్నుకొన్న రైతుబిడ్డను బంధువు లేమనియుందురో తెలుగుపాఠకులకు చెప్పనక్కఱలేదు. 1948లో అడయారున శంకుస్థాపన జరిగిన కేంద్ర చర్మ పరిశోధన సంస్థలో చేరి, 1958 నుండి 1971 వఱకు దానికి సంచాలకులుగా నుండిరి. ఆయన ప్రయోగశాలను లంద యొద్దకు తీసికొనిపోయిరి. చిన్న తోలుపరిశ్రమలవారికి కొలతలు నేర్పుట, ఊరివాని చేతిపనిని తక్కువచేయక దానికి లెక్క జోడించుట ఆయన మార్గము. అంతకు మునుపు మన దేశము పచ్చితోలును, సగము పదునైన తోలును అమ్ముకొని, ఆ తోలుతోనైన బూట్లను పరదేశమునుండి కొనుచుండెను. 1972లో సీతారామయ్య సంఘము సగము తయారైన తోళ్ళ యెగుమతిని అరికట్టవలెనని సూచించెను. మఱుసటి యేటినుండి ప్రభుత్వ మా దారిని పట్టెను. తయారైన బూట్లు ఎగుమతియగు నేటి పరిస్థితికి అది పునాది.

నాయుడమ్మగారు 1971 నుండి 1977 వఱకు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టరు జనరలుగా ఢిల్లీ రఫీమార్గమున పనిచేసిరి. ఆ కాలముననే కరీంనగరు జిల్లాలో శాస్త్రజ్ఞానమును పల్లెబ్రతుకునకు ముడిపెట్టు ప్రయత్నము జరిగినది. 1981-82లో వారు జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. ఆ విశ్వవిద్యాలయపు ప్రహరీ వసంత్ కుంజ్‌కు ఆనుకొనియే యున్నది. ఢిల్లీ అభివృద్ధి సంస్థ ఆ దశాబ్దముననే ఇచట ఇండ్లు కట్టినది. 1985 జూన్ 23న కనిష్క విమానమును ఐర్లండు తీరమున ఉగ్రవాదులు ప్రేల్చివేయగా అందున్న 329 మందితో ఆయనయు గతించిరి. ఇచటి తెలుగువా రెందఱో ప్రతిదినము ఆ ప్రహరీ ప్రక్కనే నడకకు పోవుదురు. వారి కాలిబూటునకును ఆయనకును గల సంబంధము తెలిసినవారు కొలదిమందియే.

క్రోము మేలుతోపాటు కీడును తెచ్చెను. తమిళనాటి తోలుకర్మాగారముల మురికినీరు పాలారు నదీతీరమున బావులను చెఱచినది. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు వెల్లూరు పౌరుల వ్యాజ్యమున, కలుషితము చేసినవాడే దానికి వెల చెల్లింపవలెనను సూత్రమును మన న్యాయములో స్థిరపఱచినది. మన బూటు నిగ్గునకు వేఱొకరి బావి యీడయ్యెనని అర్థము.

ఇక వసంత్ కుంజ్ మట్టిని గూర్చి కొంత చెప్పవలెను. ఈ నేల ఆరావళి కొండల చివరికొస. ఇచటి రాయి స్ఫటికశిల. అది చివికి బదర్‌పూర్ ఇసుకయై గాలిలో తిరుగును. స్ఫటికము ఇనుపమేకుకంటె గట్టిది. దుమ్ముపట్టిన బూటును పొడిగుడ్డతో గట్టిగా రుద్దుట యనగా ఉప్పుకాగితముతో తోలును అఱగదీయుటయే. ముందు కుచ్చుతో దులిపి, తరువాత తడిగుడ్డతో అద్ది, ఆరిన పిదపనే పాలిషు పట్టింపవలెను. ప్రక్కనే 1231లో ఇల్తుత్‌మిష్ తన కుమారునికై కట్టించిన సుల్తాన్ గఢీ సమాధి కలదు. దానిని హిందువులును, ముసల్మానులును దర్శింతురు. మెట్లయొద్ద విడిచిన చెప్పులపై అరగంటలో పేరుకొను దుమ్మును చూచినచో నా మాట నిజమని తెలియును. వానకాలమున బీరువాలో బూజుపట్టిన తోలును ఇంటిలో దులుపరాదు. బయటకు తెచ్చి తుడిచి గాలికి పెట్టవలెను. తడిసి యారిన బూటుపై తెల్లని చాఱలు ఉప్పువి. నీటిలో కొంచెము వెనిగరు కలిపి అద్దినచో పోవును.

స్వేడ్ యనునది తోలు లోపలివైపు; స్వీడను చేతిమేజోళ్ళకు ఫ్రెంచివారిడిన పేరు దీనికి మిగిలిపోయినది. దానికి మైనమును, నూనెయును చూపరాదు. కుచ్చుతో దులిపి, మచ్చలను రబ్బరుతో చెఱపవలెను. తెల్లని కాన్వాసు బూట్లు ఉదికిన పిదప పసుపుబాఱుట సబ్బు మిగిలినందుననే. సబ్బు పూర్తిగా పోవువఱకు కడిగి, తెల్లకాగితము చుట్టి నీడను ఆరవేయవలెను. వాని క్రింది రబ్బరునకు నూనె శత్రువు.

తన చెప్పును తానే బాగుచేసికొనుట నామోషీ కాదని చూపినవాడు గాంధీమహాత్ముడు. దక్షిణాఫ్రికాలో ఆయన మిత్రుడు కలెన్‌బాఖ్ ట్రాపిస్టు సన్న్యాసుల మఠమున చెప్పులపని నేర్చి వచ్చి ఆయనకు నేర్పెను. గాంధీ కుట్టిన జత నొకదానిని 1914లో జనరల్ స్మట్స్‌కు కానుకగా నిచ్చిరి. స్మట్స్ వానిని ఎన్నో వేసవులు తొడిగి, 1939లో గాంధీగారి డెబ్బదవ జన్మదినమునకు త్రిప్పి పంపెను. ఇరువదియైదేండ్లు నిలిచిన చెప్పులు! కుట్టినవాని నేర్పు కొంత, ప్రత్యర్థి కుట్టిన చెప్పును అంతకాలము కాపాడినవాని శ్రద్ధ కొంత. అయినను నగరములలో పాలిషు పెట్టెను భుజాన వేసికొని రైలు ప్లాట్‌ఫారములపై తిరుగు బాలురు అనేక దశాబ్దములు కనబడుచుండిరి. 1954లో వచ్చిన బూట్ పాలిష్ చిత్రము వారి కథయే. అది చూచి కంట తడిపెట్టి, వెలుపలికి వచ్చి అట్టి బాలుని ముందే కాలు చాచినవారును ఉండియుందురు.

నేటి పాదరక్షలలో తోలు తగ్గి పాలియురెథేన్ వంటి కృత్రిమపదార్థములు పెరిగినవి. వీని గుణము విపరీతము. తోలుబూటు వాడుకచే అరుగును. పాలియురెథేన్ అట్ట వాడకపోవుటచే చెడినట్లు కనబడును. గాలిలోని చెమ్మ దాని యణువుల బంధములను ఏండ్లతరబడి విప్పివేయును. నడుచుచున్నంతకాలము ఆ పాడు కొంత మెల్లగా బయటపడును; పెట్టెలో దాచినది ఒక్కసారిగా రాలును. 2020లో కార్యాలయములు మూతపడినపుడు బీరువాలో చేరిన బూట్లను మరల తొడిగి బయలుదేఱిన ఉద్యోగులు కొందఱికి అట్ట మెట్లపైననే ఊడిపోయినది. పాలిషు దీనికి పనిచేయదు. గాలియాడు చోట నుంచుట, నెలకొకసారి తొడిగి నడుచుట తప్ప వేఱు మార్గము లేదు.

అట్టి జతను మార్కెట్టు ప్రక్క చెట్టుక్రింద కూర్చుండు మోచీ యొద్దకు కొనిపోయినచో అతడు ముందుగా అట్టను చూడడు. పైతోలును బొటనవ్రేలితో నొక్కి, మడిచి, ముడతలు సన్నగా పడునో లేదో చూచును. నిజమైన తోలైనచో పాత అట్టను ఊడబెఱికి, క్రొత్త రబ్బరు అట్ట కుట్టి, సాయంకాలమునకు రమ్మని చెప్పును. కృత్రిమమైనచో మారుమాటాడక తిరిగి చేతిలో పెట్టును.